తొమ్మిదో సెకను

నేను మొదటిసారి రోడియో చూసింది ఫోర్ట్‌వర్త్‌లో. ఆఫీసు పనిమీద ఆరునెలలు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాను. ఓ శనివారం రాత్రి రూమ్మేట్లు ముగ్గురం కలిసి స్టాక్‌యార్డ్స్‌కి బయల్దేరాం. అక్కడ కౌటౌన్ కొలీజియం అని 1908లో కట్టిన పాత భవనం ఒకటుంది. లోపల ఇసుక పోసిన బరి, చుట్టూ మెట్ల మెట్ల కుర్చీలు, గాలినిండా పేడ వాసన, వేయించిన మొక్కజొన్న వాసన. పేడ వాసన తగలగానే నాకు ఇంటికొచ్చినట్టు అనిపించింది.

ఆట నియమాలు తేలికే. ఎద్దు మీద ఎనిమిది సెకన్లు కూర్చోవాలి. ఒక చేత్తోనే తాడు పట్టుకోవాలి. రెండో చెయ్యి ఎద్దుకిగానీ తనకిగానీ తగిలితే ఔట్. మార్కులు వందకి. అందులో సగం రౌతుకి, సగం ఎద్దుకి. "ఎద్దుకి కూడా అప్రైజలా?" అన్నాడు మావాడు.

మొదటి కుర్రాడు మూడు సెకన్లలో కింద పడ్డాడు. ఎద్దు ఆగలేదు, వెనక్కి తిరిగింది. ఆ కుర్రాడు ఇంకా మోకాళ్ళమీదే ఉన్నాడు. ఈలోగా ముఖానికి తెల్లరంగూ ఎర్రరంగూ పూసుకుని, బస్తాలాంటి లాగు వేసుకున్న మనిషొకడు ఎద్దుకీ కుర్రాడికీ మధ్య దూరాడు. టోపీ తీసి ఎద్దు మొహం మీద కొట్టాడు. ఎద్దు అతని వెంట పడింది. అతను తిన్నగా పరిగెత్తలేదు, చిన్న చిన్న చుట్లు తిరిగాడు. మనిషి తిరిగినంత ఇరుకుగా ఎద్దు తిరగలేదు, అదీ కిటుకు. కొమ్ము లాగుకి తగిలి గుడ్డ చిరిగింది. కుర్రాడు కంచె ఎక్కేశాడు. ఎద్దుని లోపలికి తోలేశాక ఈ రంగుల మనిషి చిరిగిన చోట చెయ్యి పెట్టుకుని సిగ్గుపడుతున్నట్టు నడిచాడు. హాలంతా పగలబడి నవ్వింది. మేమూ నవ్వాం.

నవ్వుతూనే ఎందుకో అతని కాళ్ళవైపు చూశాను. మిగతావాళ్ళందరికీ మడమల బూట్లు. ఇతనికి మాత్రం కింద ముళ్ళున్న ఫుట్‌బాల్ బూట్లు. ముఖం చూస్తే జోకరు. కాళ్ళు చూస్తే ఆటగాడు. లాగు వదులుగా ఉండేది నవ్వించడానికి అనుకున్నాను. లోపల దెబ్బ తగలకుండా కట్టుకున్న మెత్తలు కనపడకూడదు, కొమ్ము తగిలితే ఒంటికి బదులు గుడ్డ చిరగాలి. ఆ లాగులో ఇంత ఇంజనీరింగ్ ఉంది.

తర్వాత చదివితే తెలిసింది. 1900ల మొదట్లో రోడియో క్లౌన్ పని నవ్వించడమే. ఒక పోటీకీ ఇంకో పోటీకీ మధ్య జనం లేచి వెళ్ళిపోకుండా కూర్చోబెట్టాలి. 1920లలో పోటీల్లోకి 'బ్రహ్మ' ఎద్దులొచ్చాక కథ మారింది. ఇవి పడ్డ మనిషిని వదిలిపెట్టి పోయే రకం కాదు. మీదకొస్తాయి. అప్పటికే బరిలో ఖాళీగా తిరుగుతున్నవాడు క్లౌన్ ఒక్కడే కాబట్టి, కాపాడే పని అతని నెత్తిన పడింది. అలా నవ్వించే ఉద్యోగం ప్రాణాలు కాపాడే ఉద్యోగమైంది. తర్వాత్తర్వాత అది రెండుగా చీలింది. పీపాలో దూరి మైకులో జోకులు వేసేవాడు ఒకడు, ఎద్దుకి ఎదురెళ్ళేవాడు ఇంకొకడు. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఈ రెండోవాడు రంగు పూసుకోడు, తనని క్లౌన్ అనొద్దంటాడు, బుల్‌ఫైటర్ అంటాడు. పని గౌరవం పెరిగితే మొదట వదిలించుకునేది నవ్వునే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక ఆ బ్రహ్మ ఎద్దు ఎవరు? మనదే. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని గిర్, గుజరాత్, నెలోర్ లాంటి భారతదేశపు పశువులనుంచి తయారుచేశారు. 1906లో టెక్సస్‌లోని పియర్స్ రాంచ్ వాళ్ళు తెప్పించుకున్న మంద ఇందులో ముఖ్యమైనది. నెలోర్ అంటే నెల్లూరు. అంటే మన ఒంగోలు జాతికి సముద్రం దాటాక వచ్చిన పేరు. భుజాల మీద మూపురం, మెడకింద వేలాడే గంగడోలు చూసి నేను ఆ రాత్రే అనుకోవాల్సింది. ఫోర్ట్‌వర్త్ బరిలో మనిషి వెంటపడ్డ ఆ కోపంలో కాస్త మన రక్తం కూడా ఉండే ఉంటుంది.

రోడియో మీద హాలీవుడ్ మంచి సినిమాలే తీసింది. 1952లో నికొలస్ రే తీసిన 'ది లస్టీ మెన్', 1972లో శామ్ పెకిన్‌పా తీసిన 'జూనియర్ బోనర్', 2017లో క్లోయీ జావ్ తీసిన 'ది రైడర్'. వీటిలో కథ రౌతుది. అతని వయసు, అతని విరిగిన ఎముకలు, అతను వదల్లేని పిచ్చి. వీటన్నిటికంటే నాకు ఆలోచన పుట్టించింది మాత్రం సినిమాగా వీటిముందు నిలవలేనిది, 1994 నాటి '8 సెకండ్స్'. లేన్ ఫ్రాస్ట్ అనే చాంపియన్ జీవితం. అతను 1989 జులై 30న వయోమింగ్‌లోని షయాన్‌లో చనిపోయాడు. పాతికేళ్ళు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, అతను ఆ రోజు ఎనిమిది సెకన్లూ పూర్తి చేశాడు.  ఎద్దు మీదనుంచి దిగాక, అది వెనకనుంచి వచ్చి పొడిచింది. సినిమా పేరు '8 సెకండ్స్' అని పెట్టారు. మనిషి పోయింది తొమ్మిదో సెకను తర్వాత.

తొమ్మిదో సెకనుకి మార్కులుండవు. గడియారం ఆగిపోతుంది. ప్రేక్షకుడు స్కోరు బోర్డువైపు చూస్తుంటాడు. అక్కడినుంచి క్లౌన్ డ్యూటీ. అతను బాగా చేస్తే ఏమీ జరగదు, ఏమీ జరగలేదు కాబట్టి అతను ఏమీ చేసినట్టు కనపడడు. రాత్రి రెండింటికి ఫోనెత్తే ఆన్‌కాల్ ఇంజనీర్లకి ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు అర్థం కావడానికి కూడా ముందు ఆ దారే దొరికింది. కానీ ఇది నా ఉద్యోగం గురించి కాదు. నేను పుట్టిన ఊళ్ళో నేను పాతికేళ్ళు చూసి కూడా చూడనిదాని గురించి.

మాది కోరుకొండ. సైనిక్ స్కూలున్న విజయనగరం కోరుకొండ కాదు, రాజమండ్రి దగ్గర, కొండమీద లక్ష్మీనరసింహస్వామి ఉన్న కోరుకొండ. ఫాల్గుణంలో తీర్థం. దానికి ముందు సంక్రాంతికి గంగిరెద్దులు. బొంతలూ గజ్జెలూ పట్టుగుడ్డలూ కప్పిన ఎద్దు, పక్కన సన్నాయి, డోలు. "అమ్మగారికి దణ్ణం పెట్టు" అంటే తల వంచేది. "బాబు పెద్ద ఉద్యోగం చేస్తాడా?" అంటే ఊపేది. మా ఇంటి ముందు ఒకసారి ఆ మనిషి వెల్లకిలా పడుకుంటే ఎద్దు వచ్చి గుండెల మీద కాలు పెట్టింది. మెత్తగా, బరువు ఆనించకుండా. మా మామ్మ "అయ్యో అయ్యో" అంటూనే చేట నిండా బియ్యం తెచ్చింది. నేను నవ్వాను. ఎద్దుకి ఎంత తెలివో అనుకున్నాను. అయిదారు వందల కిలోల జంతువు కాలికింద పడుకున్న మనిషి గురించి ఏమీ అనుకోలేదు.

మన దగ్గర రోడియో లేదు. కానీ ఎద్దుకీ జనానికీ మధ్య నిలబడి నవ్వించే మనిషి ఉన్నాడు. అతను చేసేది కాపాడే పనేనని చెప్పే కథ కూడా ఉంది. మనందరికీ తెలుసు. ఏటా చదువుతాం.

వినాయక చవితి వ్రతకథ. మా ఇంట్లో పుస్తకం చదివే పని నాదే. గజాసురుడి ఘట్టం వచ్చేసరికి అందరి ధ్యాసా ఉండ్రాళ్ళ మీద ఉండేది కాబట్టి గబగబా లాగించేసేవాణ్ణి. ఈసారి నెమ్మదిగా చదవండి. శివుడు వరమిచ్చి గజాసురుడి కడుపులో ఇరుక్కుపోయాడు. ఎవరూ బంధించలేదు, తన మాటే తనని బంధించింది. పార్వతి విష్ణువుని అడిగింది. విష్ణువు దగ్గర చక్రం ఉంది, గద ఉంది. అవేవీ తియ్యలేదు. నందిని గంగిరెద్దులా అలంకరించాడు. బ్రహ్మాది దేవతల చేతికి వాయిద్యాలిచ్చాడు. తను గంగిరెద్దులవాడి వేషం కట్టాడు. గజాసురుడి ఊరికెళ్ళి ఆడించాడు. వాడు మురిసిపోయి ఏం కావాలో కోరుకోమన్నాడు. అప్పుడు గుట్టు విప్పాడు: ఇది నంది, శివుడి కోసం వచ్చింది, ఆయన్ని ఇచ్చెయ్యి. గజాసురుడికి వచ్చినవాడు హరి అని, తనకిక చావు తప్పదని తెలిసిపోయింది. అయినా ఇచ్చిన మాట తప్పలేదు. తన తలకి పూజ జరగాలని, తన చర్మం శివుడు కప్పుకోవాలని కోరుకుని ఒప్పుకున్నాడు. నంది కొమ్ములతో చీల్చింది. శివుడు బయటికొచ్చాడు.

ఒక కథగా దీని నిర్మాణం చూడండి. ఇరుక్కున్నవాడు అందరికంటే బలవంతుడు. కాపాడ్డానికి వెళ్ళినవాడు ఆయుధం పట్టుకోలేదు, ఆట పట్టుకుని వెళ్ళాడు. ప్రమాదం ఎదురుగా కూర్చుని చప్పట్లు కొడుతోంది. ఆట ఎంత బాగుంటే ప్రాణం అంత దగ్గర. ఇది ఫోర్ట్‌వర్త్ బరిలో నేను చూసినదే. ఒక్క తేడా, ఇక్కడ ఎద్దు మనవైపు ఉంది. ఆ రోజు మనం పూజచేసే ఏనుగు తల ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రదర్శన సక్సెస్ అయింది కాబట్టే వచ్చింది. పండగ మొత్తం ఒక గంగిరెద్దుల మేళం మీద నిలబడి ఉంది. కానీ దశావతారాల లెక్కలో ఈ వేషం లేదు. వరాహానికీ చేపకీ ఉన్న చోటు గంగిరెద్దులవాడికి లేదు. తొమ్మిదో సెకనుకి పురాణంలో కూడా మార్కులు వెయ్యలేదు.

పురాణాన్ని వదిలేసి భాషలోకి రండి. 'గంగిరెద్దులా తలూపుతాడు' అంటే చేతకానివాడు. 'కోణంగి చేష్టలు' అంటే వెకిలితనం. యక్షగానంలో కోణంగి ఒక పాత్ర, దానికో అభ్యాసం ఉంది. 'పిట్టలదొర' అంటే గొప్పలు కోసేవాడు. 'పగటివేషాలు' అంటే మోసం. 'తోలుబొమ్మ' అంటే సొంత బుద్ధి లేనివాడు. 'కేతిగాడు' సంగతి సరేసరి. తెలుగులో ఒక మనిషిని తీసిపారెయ్యాలంటే మనం వెతుక్కునేది నవ్వించి బతికేవాళ్ళ వృత్తి పేర్లు. అమెరికాలో కూడా రాజకీయనాయకుణ్ణి తిట్టాలంటే 'రోడియో క్లౌన్' అంటారు. ఇక్కడ ఇంకోటుంది. అక్కడ అది ఉద్యోగం, మానెయ్యొచ్చు. ఇక్కడ అది కులం పేరు. గంగిరెద్దులవారు వెనుకబడిన తరగతుల జాబితాలో ఏ గ్రూపులో ఉన్నారు. బుల్‌ఫైటర్ రంగు కడుక్కుని పేరు మార్చుకున్నాడని చెప్పాను కదా. వీళ్ళు ఏం కడుక్కోవాలి?

హైస్కూల్లో మా క్లాసులో గంగిరెద్దులవాళ్ళ అబ్బాయి ఒకడుండేవాడు. వాడు క్లాసులోకి వస్తుంటే ఎవడో ఒకడు సన్నాయి ఊదినట్టు శబ్దం చేసేవాడు. వాడు ఉడుక్కునేవాడు కాదు. తనే తల ఊపుకుంటూ, కాళ్ళు ఆడించుకుంటూ బెంచీదాకా వచ్చేవాడు. మేం పడి పడి నవ్వేవాళ్ళం. నవ్వు అయిపోతే ఆట అయిపోయేది, ఇక ఆ పూటకి వాణ్ణి ఎవరూ కదిపేవాళ్ళు కాదు. సరదా మనిషి అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది, వాడు మమ్మల్ని నవ్వించలేదు, తప్పించుకున్నాడు. మేం ఎద్దులం. పడినవాడూ వాడే, అడ్డం వెళ్ళినవాడూ వాడే. సన్నాయి శబ్దం నేను కూడా చేశాను. చాలాసార్లు చేశాను. పదో తరగతి తర్వాత వాడు ఏమయ్యాడో నేను కనుక్కోలేదు.

ఈ చూపు లేకపోవడం మన విమర్శలో కూడా ఉందని నా ఫిర్యాదు. హాస్యపాత్ర కనపడగానే 'కామిక్ రిలీఫ్' అని రాసి ముందుకెళ్ళిపోతాం. రిలీఫ్ ఎవరికి? మనకే కదా. ప్రేక్షకుడి కుర్చీలోంచి పుట్టిన మాట అది. తెరవెనకనుంచి చూస్తే వేరేగా ఉంటుంది. తోలుబొమ్మలాట తీసుకోండి. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఈ ఆట ఆడే కుటుంబాలున్నాయి. రామాయణం సాగుతుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఊడిపడతారు. బూతులు, సరసాలు, ఊరివాళ్ళ మీద ఛలోక్తులు. దీన్ని కథకి విరామం అంటాం. కానీ తెర అవతల ఎవరికీ విరామం లేదు. ఒక ఘట్టం బొమ్మలు దించి ఇంకో ఘట్టం బొమ్మలు సర్దుకోవాలి. పాడినవాడు గొంతు తడుపుకోవాలి. పిల్లలు నిద్రపోకూడదు, పెద్దలు ఇళ్ళకి పోకూడదు. కేతిగాడు ఆ ఖాళీలో నిలబడి రాముణ్ణి కాపాడుతున్నాడు. బొమ్మని చేత్తో ఆడిస్తూనే ఆ మనిషి కాలికింద చెక్కలు తొక్కుతూ చప్పుడు చేస్తుంటాడు. మళ్ళీ కాళ్ళే. మనకి కనపడని చోట.

బుర్రకథలో ఈ కాపలా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నడుమ తంబురతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో వంతలు. ఒక వంత లోకంపోకడ, రాజకీయం మాట్లాడతాడు. ఇంకో వంత నవ్విస్తాడు. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ లాంటి గొప్ప కథకులు బుర్రకథని ఉద్యమాల్లోకి తీసుకెళ్ళాక అటు మద్రాసులో తెల్లదొరల ప్రభుత్వం, ఇటు నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధించాయంటే దాని దెబ్బ ఎంతో ఊహించుకోవచ్చు. అటువంటి కథలో హాస్యం వంత పని ఏమిటి? కథకుడు ఊపిరి పీల్చుకునేలోగా జనాన్ని పట్టి ఉంచాలి. మరీ కటువైన మాట పడితే దాన్ని నవ్వులోకి తిప్పెయ్యాలి. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరికి ఎక్కడ పొడుచుకుంటోందో కనిపెట్టాలి. కథకుడి పేరు చరిత్రలో ఉంటుంది, ఉండాలి కూడా. నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చింది, ఆయన ఆత్మకథ 'పింజారి' తెలుగులో మంచి పుస్తకాల్లో ఒకటి. నవ్వించిన వంతల పేర్లు మాత్రం ఎన్ని చెప్పగలం? నేను నా లిస్టు రాద్దామని కూర్చున్నాను. కాగితం ఖాళీగా ఉంది.

ఇదంతా చెప్పి నవ్వించేవాళ్ళందరినీ దేవుళ్ళని చేస్తున్నానని అనుకోకండి. నవ్వు ఎప్పుడూ బలహీనుడి వైపే ఉండదు. 2013లో మిస్సోరీ స్టేట్ ఫెయిర్‌లో ఒక రోడియో క్లౌన్ ఒబామా మాస్కు తగిలించుకుని బరిలోకి దిగాడు, ఎద్దు వచ్చి కుమ్మితే చూద్దామా అన్నట్టు జనాన్ని రెచ్చగొట్టారు. అతన్ని ఆ ఫెయిర్ నుంచి జీవితాంతం బహిష్కరించారు. మనిషిని ఎద్దునుంచి తప్పించాల్సిన వేషం మనిషిని ఎద్దుముందుకి తోసింది. మన బంగారక్క మీద వేసే జోకుల్లో సగం ఇప్పుడు చెల్లెలి పక్కన కూర్చుని వినలేం. ఎద్దుల సంగతి కూడా ఉంది. రోడియోలో ఎద్దు ఎగరడానికి నడుముకి పట్టీ బిగిస్తారు. గంగిరెద్దు తల ఊపేది ముక్కుతాడు ఉన్న ముక్కుతోనే. ఇవి మర్చిపోతే నేను రాసేది కూడా పండగ కార్డే అవుతుంది. అందుకే నేనడిగేది భక్తి కాదు. నవ్వుని ఒక పనిగా చూడమంటున్నాను. పని అనుకుంటేనే అది బాగా జరిగిందా, ఎవరికోసం జరిగింది, ఎవరికి దెబ్బ తగిలింది అని అడగగలం. అదే విమర్శ.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళాను. గంగిరెద్దు వచ్చింది, ఒక్కటే. సన్నాయి మనిషి లేడు, చిన్న స్పీకరు ఉంది. పెద్దాయన అరవై దాటినట్టున్నాడు. ఎద్దుతో ఆపకుండా మాట్లాడుతున్నాడు. "అదిగో బాబుగారొచ్చారు, హైదరాబాదు బాబు, ప్యాంటు చూడు, ఎంత ఇరుగ్గా ఉందో, మనకైతే పడతాదా?" మా మేనకోడలు కిందపడి నవ్వుతోంది. నేను ఈసారి కాళ్ళు చూశాను. ఆయన చెప్పులు ఇంటి గేటు దగ్గరే వదిలేశాడు. ఎద్దు ఎటు ఒరిగితే అటు అరడుగు జరుగుతున్నాడు, దాని భుజం దాటి ఎప్పుడూ ముందుకి రావట్లేదు. పిల్ల ఎటు వెళితే ఎద్దుకీ పిల్లకీ మధ్య ఆయన ఉంటున్నాడు.

డబ్బులిచ్చాక అడిగాను, అన్ని కబుర్లు ఎలా తడతాయండీ అని. ఆయన ఎద్దు మెడ నిమురుతూ అన్నాడు:

"కబుర్లు మీక్కాదు బాబూ, దీనికండి. పండగ కదండీ, ఎక్కడో టపాకాయ పేలతాది, ఎవడో బండి హారను కొడతాడు. బెదిరిపోద్ది. నా గొంతు ఇనపడతా ఉంటే కదలదండి. మీరు నవ్వుతారు, అది మీ దయ."

ఆ మాట అంటుండగానే వీధి చివర ఏదో ఢామ్మని పేలింది. ఎద్దు చెవులు రెండూ ఇటు తిరిగాయి. పెద్దాయన గొంతు పెంచకుండా నా ప్యాంటు గురించి ఇంకో జోకు వేశాడు. మేనకోడలు మళ్ళీ నవ్వింది. ఎద్దు కదల్లేదు.